సారా పేరు మీద పోసిన మట్టి

ఆ ఉదయం కరుణశ్రీకి ఉన్న పనులు ఇవి. వార్డు సచివాలయం తాళం తీయాలి. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషనును, దాని మూడు కాళ్ళ స్టాండును జాగ్రత్తగా ఆటోలో ఎక్కించాలి. నేల మీద గీతలు పోయడానికి ముగ్గుపిండి తీసుకోవాలి. తెనాలి నుంచి బయల్దేరిన ఇంజనీరుగారు ఎంతవరకు వచ్చారో కనుక్కోవాలి. చైర్మన్ గారికి గుర్తుచేయాలి, అదీ రెండుసార్లు. మగ్గాల వీధి కౌన్సిలర్ శేషారత్నంగారికి స్వయంగా ఫోన్ చేయాలి. ఆమె భర్తకు చెబితే కబురు అక్కడితో ఆగిపోతుంది. సమాధుల తోట గేటుకు ఎవరో కట్టేసిన గేదెను విప్పించాలి. నాన్న బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో చూడాలి.

ఇవన్నీ కాక ఇంకొకటి ఉంది. ఇంజనీరుగారు రాకముందే నాన్నతో ఒక మాట మాట్లాడాలి.

గేదెను కూడా విప్పించింది కాని, ఆ మాట మాత్రం మాట్లాడలేకపోయింది.

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి తలుచుకుందాం. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తుంటే వచ్చే చిన్న ఊరు పెదరేవు. ఈమధ్యనే నగర పంచాయతీ అయింది. ఈ ఏడు దానికి పెద్ద పని ఒకటి చేసుకోవడానికి నిధులు వచ్చాయి. ఒకటి అంటే ఒకటే, రెండో దానికి సరిపోవు. వార్డుల నుంచి వచ్చిన ప్రతిపాదనలు వడపోయగా వడపోయగా రెండు మిగిలాయి. మొదటిది సీయోను పేట సమాధుల తోటను మెరక చేసి, అక్కడిదాకా సిమెంటు రోడ్డు వేయడం. రెండోది మగ్గాల వీధి వాననీళ్ళు బయటికి పోవడానికి కాలువ తవ్వడం.

రెండూ అక్కర తీర్చే పనులే. అదే చిక్కు. పేటలో వానాకాలం మనిషి పోతే మోకాళ్ళ లోతు బురదలో శవపెట్టెను మోసుకుపోవాలి. మగ్గాల వీధిలో ఉన్నవన్నీ గుంట మగ్గాలు. నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. వాన కురిస్తే ముందుగా నిండేది ఆ గుంటలే. అవి ఆరి, మగ్గం మళ్ళీ ఆడేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే గగనం.

సమాధుల తోట ప్రతిపాదన రాసింది కరుణశ్రీ. ఆ పేటలోనే పుట్టి, తెనాలిలో ఇంజనీరింగు చదివి, రోడ్లూ కాలువలూ మంచినీళ్ళూ చూసే ఎమినిటీస్ సెక్రటరీగా ఆ వార్డుకే వచ్చింది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషి. ఆమె రాసిన మొదటి ప్రతిపాదన చివరి రెండింటిలో నిలిచిందని ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా చప్పట్లు కొట్టింది కూడా.

పరిశీలనకు వచ్చిన ఇంజనీరు జీవన్ కుమార్ కిందటి వారం తోట వెనకాల తుప్పల్లో ఒక పాత తూము చూశాడు. తూము నిక్షేపంగా ఉంది. దానికి రావలసిన కాలువే లేదు. "ఇందులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవమ్మా?" అని అడిగాడు. కరుణశ్రీ జవాబు చెప్పలేదు. తెలియక కాదు.

ఆ నీళ్ళు మగ్గాల వీధి నుంచి వచ్చేవి. తోట అంచున ఉన్న పల్లం గుండా తూములోకి, అక్కడి నుంచి పెద్ద డ్రెయినులోకి పోయేవి. ఇప్పుడు ఆ పల్లం లేదు. కరుణశ్రీ తల్లి సారా పోయాక పేటలో ఒక అలవాటు మొదలైంది. మనిషి పోయిన ఏడాదికి జరిపే జ్ఞాపకార్థ కూడికలో భోజనాలతోపాటు, పోయినవారి పేరు మీద ఒక ట్రక్కు మట్టి తోటలో పోయిస్తారు. పూలదండ వాడిపోతుంది, మట్టి అయితే వెనకాల పోయేవారికి పనికొస్తుందని వాళ్ళ ఆలోచన. అలా మార్తమ్మ మట్టి, యోబు మట్టి, సారా మట్టి అని పేర్లతో సహా ఆ పల్లం పూడిపోయింది. మొదటి ట్రక్కు పోయించింది కరుణశ్రీ తండ్రి మత్తయి.

ఎనిమిదిన్నరకల్లా అందరూ తోటకు చేరారు.

చైర్మన్ సీతారామాంజనేయులు తెల్లచొక్కా మీద దుమ్ము పడకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టించాలని ఆయన కోరిక. అది మొదటి వడపోతలోనే పోయింది. ఆ దిగులు ఇంకా తీరలేదు.

"ఏంటో జీవన్ కుమార్ గారూ, పక్క ఊళ్ళకి ఆర్చీలున్నాయి, మాకు లేదు. వచ్చినవాడికి ఊరు ఎక్కడ మొదలవుతుందో తెలియాలా వద్దా?"

"కంపు మొదలైనచోట ఊరు మొదలైందని తెలుస్తుంది లెండి బాబాయ్," అన్నాడు పేట కౌన్సిలర్ శాలేమురాజు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చైర్మన్ కూడా నవ్వాడు. శాలేమురాజు ఓటు లేనిదే ఆయన కుర్చీ లేదు మరి.

మగ్గాల వీధి నుంచి శేషారత్నం వచ్చింది. యాభై దాటిన మనిషి, వేళ్ళకు రంగు మరకలు. ఆమె వెనకాలే భర్త పున్నయ్య. కౌన్సిల్ సమావేశాల్లో ఆమె సంతకం పెడుతుంది, ఆయన మాట్లాడతాడు. గెలిచిన దగ్గర్నుంచీ అదే పద్ధతి.

"మా ఆవిడ అభిప్రాయం ఏంటంటే అండీ," అని పున్నయ్య మొదలుపెట్టాడు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ," అన్నాడు జీవన్ కుమార్, మిషనులోంచి కన్ను తీయకుండానే.

శేషారత్నం కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఆ మెరక వంక చూస్తూ నిలబడింది.

జీవన్ కుమార్ తూము దగ్గర ఒకటి, వీధి చివర ఒకటి, మెరక మీద ఒకటి కొలతలు తీసుకున్నాడు. కరుణశ్రీ ముగ్గుపిండితో గీతలు పోసింది. గీత వెళ్ళి వెళ్ళి, తూముకు ఎదురుగా మెరకకు తగిలి ఆగింది. ఆయన నుదురు తుడుచుకుని అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"సూటిగా చెబుతాను. రేపు కౌన్సిల్లో ఓటింగు. ఎల్లుండి ఆ తీర్మానంతోపాటు నేను బాపట్ల జిల్లా ఆఫీసుకు నా సిఫారసు పంపాలి. వానలు ముంచుకొస్తున్నాయి, తర్వాత పంపితే ఈ ఏడుకి చెల్లదు. ఇప్పుడు నాకు ఒక్క విషయం తేలాలి. ఈ మెరక పుట్టుకతోనే మెరకా, లేక పోసిన మట్టా?"

"తేడా ఏంటి సార్?" అన్నాడు శాలేమురాజు.

"చాలా ఉందండి. పుట్టుకతో మెరకే అయితే కాలువ ఇటు రాదు. ఊరి చుట్టూ తిప్పి తీసుకెళ్ళాలి. ఆ ఖర్చుకి ఈ నిధులు చాలవు. కాలువ పని కొట్టేసి మీ తోటకే రాస్తాను. పోసిన మట్టే అయితే ఎత్తిపోసి పాత దారి తెరిస్తే చాలు. అప్పుడు కాలువే ముందు. తోట సంగతి వచ్చే ఏటికి."

"తవ్వి చూస్తే తెలిసిపోతుంది కదండీ," అన్నాడు పున్నయ్య.

"తవ్వితే తెలుస్తుంది. సమాధుల మధ్య గునపం దింపమని నా నోటితో నేను చెప్పను. వార్డు సెక్రటరీ ఉన్నారు. ఇక్కడే పుట్టిన అమ్మాయి. ఆవిడ చెప్పి సంతకం పెడితే నాకు చాలు."

అందరి కళ్ళూ కరుణశ్రీ మీదికి తిరిగాయి. చైర్మన్ ముందుగా అందుకున్నాడు.

"ఎప్పటి నుంచో ఇంతే కదమ్మా ఇది? నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా."

"మా తాతల కాలం నుంచీ ఇంతే సార్," అన్నాడు శాలేమురాజు. ఆ మాట ఇంజనీరుతో అన్నా, చూపు మాత్రం కరుణశ్రీ మీదే నిలిపాడు.

కరుణశ్రీ ముగ్గుపిండి కింద పెట్టింది. "ఐదు నిమిషాలు సార్," అంది. "మా నాన్నతో మాట్లాడి వస్తాను."

మత్తయి గోడ వారగా తుమ్మచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. సంఘ పెద్ద కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జీవితమంతా ఇతరుల చేలల్లో నాట్లు వేసి, కోతలు కోసి, ఒక్కగానొక్క కూతుర్ని చదివించిన మనిషి. ఆమె దగ్గరికి రాగానే అడిగాడు.

"ఏం చెప్పబోతున్నావమ్మా?"

"ఉన్నది చెప్పాలి కదా నాన్నా."

"ఉన్నదంటే?"

"మనం పోసిందేనని."

"మీ అమ్మని సమాధిలో పెట్టినరోజు నువ్వు ఎక్కడున్నావు?" అన్నాడు మత్తయి.

"గట్టు మీద. ఆడవాళ్ళతో."

"అందుకే నీకు తెలియదు. గొయ్యిలో నీళ్ళు ఊరుతుంటే బకెట్లతో తోడుతున్నారు. తోడినకొద్దీ వస్తున్నాయి. పాస్టరు గారు ప్రార్థన ముగించే టైముకి మళ్ళీ సగం నిండింది. అలాగే దింపాం. పెట్టె తేలింది."

కరుణశ్రీ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"తాళ్ళు పట్టినవాళ్ళు ఏం చేయాలో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. నేను దిగాను. కాలు పెట్టి తొక్కిపట్టాను. వాళ్ళు నా చుట్టూ మన్ను వేసేదాకా అలాగే నిలబడ్డాను. మీ అమ్మ మీద." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "జీవితంలో ఒక్క దెబ్బ కొట్టలేదమ్మా దాన్ని."

తల్లిని పెట్టిన తర్వాత తండ్రి గట్టెక్కడం ఆమె చూసింది. పంచె నడుము దాకా తడిసి ఉండటం చూసింది. మన్ను వేయడానికి దిగాడేమో అనుకుంది. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటోంది.

"ఇంకెవరికీ అలా కాకూడదని పోయించాను ఆ మట్టి. నీళ్ళు అటు పోతాయని, పోకపోతే ఇంకెవరి ఇంట్లోకో పోతాయని నాకు తోచలేదు. నాకే కాదు, పేటలో ఎవరికీ తోచలేదు."

"చెప్పొద్దంటున్నావా నాన్నా?"

"నేనేమీ అనట్లేదు. తెలిసి చెప్పు అంటున్నా. అంతే."

ఆమె వెనక్కి వచ్చింది. దారిలో చైర్మన్ అడ్డం వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మాయ్, నువ్వు తెలివైనదానివి. మీ పేట పనిని చివరిదాకా నిలబెట్టింది నేను. పోసింది అన్నావనుకో, ఎవరు పోశారు అంటారు. ఎవరి పర్మిషనుతో అంటారు. మీ నాన్న వయసు చూడు. ఎప్పటి నుంచో ఇంతే అను, రోడ్డు వేయించుకోండి. ఆ కాలువ సంగతి మళ్ళీ ఏడు నేను చూస్తాను."

"మళ్ళీ ఏటికి ఈ దారి మీద సిమెంటు ఉంటుంది కదండీ. కాలువ ఇంకెటు వస్తుంది?"

చైర్మన్ చొక్కా మీది దుమ్ము దులుపుకుంటూ పక్కకు జరిగాడు.

ఆమె తలెత్తేసరికి శేషారత్నం కనిపించింది. వరండాల్లో మగ్గాల చప్పుడు వినిపించని వీధి కళ్ళ ముందు మెదిలింది. కిందటి వానాకాలం సర్వేకి వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో గుంటలోంచి చెంబుతో నీళ్ళు తోడుతున్నారు. తోడినకొద్దీ వస్తున్నాయి. ఆ ఇల్లాలు తోడటం ఆపకుండానే, "కూర్చోమ్మా, కాళ్ళు తడుస్తాయి, ఆ పీట మీద కూర్చో," అంది.

"చెప్పండమ్మా," అన్నాడు జీవన్ కుమార్.

"ఇది పోసిన మట్టి సార్." గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "ఇక్కడ పల్లం ఉండేది. మగ్గాల వీధి నీళ్ళు ఇటే పోయేవి. మా పేటవాళ్ళం పోయినవాళ్ళ పేర్ల మీద ఒక్కో ట్రక్కు పోయించి పూడ్చాం. మొదటిది మా అమ్మ సారా పేరు మీద. మా నాన్న పోయించారు. తోట గురించి నేను రాసినప్పుడు ఈ సంగతి రాయలేదు సార్. రాయాల్సింది."

చూడటానికి వచ్చి గట్టు మీద నిలబడ్డ పేట ఆడవాళ్ళలో కలకలం రేగింది. "ఇదేంటే తల్లీ, మా మార్తమ్మ మట్టి ఎత్తిపోయించేస్తావా?" అని ఒకావిడ ఏడుపు అందుకుంది.

శాలేమురాజు మీదిమీదికి వచ్చాడు. "చప్పట్లు కొట్టాం నీకు! గుడిలో నిలబెట్టి చప్పట్లు కొట్టాం! నీ నోటితో నువ్వే మీ అమ్మ సమాధి మీద గునపం వేయిస్తున్నావు. చదువు ఇందుకేనా?"

"సమాధుల జోలికి ఎవరూ రారు శాలేమన్నా. అంచున ఉన్న మట్టే..."

"ఆ మట్టి మన మనుషుల పేరు! నీకు మట్టిలా కనపడుతుందా?"

ఆమె తండ్రి వైపు చూసింది. మత్తయి తుమ్మచెట్టు నీడలో లేడు. తల దించుకుని గేటు వైపు నడిచిపోతున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

జీవన్ కుమార్ చైర్మన్ వైపు తిరిగాడు. "నగర పంచాయతీ స్థలంలో నీటి దారి ఇన్నాళ్ళుగా పూడుతుంటే మీ ఆఫీసుకి తెలియలేదాండి? సిఫారసులో ఇది కూడా రాయాలి నేను."

చైర్మన్ ముఖం రంగు మారింది. రాసేది బాపట్ల దాకా పోతుంది. అక్కడ చదివేవాళ్ళు తన పేరే చూస్తారు.

"మాకెలా తెలుస్తుందండీ! ఇది చాటుగా చేసిన పని. పర్మిషను లేకుండా ప్రభుత్వ స్థలం పూడ్చారు. కమిషనర్ గారితో చెప్పి ఇవాళే కేసు పెట్టిస్తాను. మొదటి ట్రక్కు ఎవరిదో వాళ్ళ అమ్మాయే చెప్పింది కదా. మత్తయి పేరుతోనే మొదలుపెడదాం."

ఏడుస్తున్నావిడ కూడా నోరు మూసుకుంది. శాలేమురాజు చైర్మన్ వంక తెల్లబోయి చూశాడు. కరుణశ్రీకి నిజం చెబితే పేట పని వెనక్కి పోతుందని తెలుసు. నలుగురూ తిడతారని తెలుసు. తండ్రి పోలీసు స్టేషను గుమ్మం ఎక్కాల్సి వస్తుందని మాత్రం, చైర్మన్ హెచ్చరించినా, ఆమె మనసుకు పట్టలేదు.

"రెండో పేరు నాది రాసుకోండి."

ఎవరన్నారో వెంటనే అర్థం కాలేదు. పున్నయ్య కంగారుగా భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వుండవే, నేను మాట్లాడతా."

"నీకు తెలియంది ఏం మాట్లాడతావు?" శేషారత్నం చెయ్యి విడిపించుకుని రెండడుగులు ముందుకు వేసింది. "చైర్మన్ గారూ, ఆ మట్టిలో ఒక ట్రక్కు నాది. సారా కూడిక అయిన మర్నాడు పోయించాను. పేరు చెప్పొద్దని ట్రాక్టరు అబ్బాయికి చెప్పాను."

"నువ్వా?" అన్నాడు పున్నయ్య.

"నేనే. ఏళ్ళ తరబడి మన వరండాలో కూర్చుని నూలు కండెలు చుట్టింది సారా. నాకు ఒంట్లో బాగోలేని ఏడు మన పిల్లలకి అన్నం పెట్టింది. అది పోతే గొయ్యి దాకా వెళ్ళనిచ్చారా మీరు? వీధిలో ఏమనుకుంటారో అన్నారు. మట్టి అన్నా పోయిద్దామని పోయించాను."

కరుణశ్రీ ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. ఆ ట్రక్కు ఎవరిదో పేటలో ఎవరికీ తెలియదు. మేనమామలు పోయించి ఉంటారని అనుకునేవారు.

"మొదటి వానకే నా మగ్గం గుంట నిండింది," అంది శేషారత్నం ఇంజనీరుతో. "ఎందుకు నిండిందో వచ్చి చూసుకున్నాను సార్. నాకు అర్థమైంది. వీధివాళ్ళందరూ నన్నే అడిగేవారు, కౌన్సిలర్ని కదా. ఏం చెప్పమంటారు? సారా పేరు మీది మన్ను తీసేయమని చెప్పనా? అందుకే కాలువ కావాలని రాసిచ్చాను కాని, ఎటు నుంచి కావాలో రాయలేదు."

జీవన్ కుమార్ చేతిలోని పెన్ను మూత పెట్టేశాడు. చైర్మన్ మాత్రం తేరుకున్నాడు. ఆయన ముఖంలో మెల్లగా ఒక నవ్వు పాకింది. రేపటి ఓటింగులో కాలువకు ఒకే ఒక్క ఓటు ఎక్కువ ఉంది. ఆ ఒక్కటీ శేషారత్నానిదే. ఆమె రాకపోతే ఓట్లు సమానం, అప్పుడు తేల్చేది చైర్మనే.

"చాలా మంచి మాట చెప్పారమ్మా," అన్నాడు. "అంటే ఈ మట్టిలో మీకూ భాగం ఉంది. భాగం ఉన్నవాళ్ళు ఆ పని మీద ఓటు వేయకూడదు. రేపు మీరు కౌన్సిలుకి రానక్కర్లేదు."

శేషారత్నం గేటు వైపు తిరిగి, ఆ వీధిలో కానీ ఆ కౌన్సిల్లో కానీ ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో పిలిచింది.

"మత్తయ్యా! ఆగు!"

గేటు ఊచ మీద చెయ్యి వేసిన మత్తయి ఆగిపోయాడు.

పాఠకులకు ఒక మనవి. ఈపాటికి మీలో కొందరు తోట పక్షాన, కొందరు కాలువ పక్షాన చేరి ఉంటారు. చేరండి, తప్పులేదు. రేపు చేతులెత్తేటప్పుడు ఎవరు గెలిచినా, లెక్కలోంచి తీసేసిన శేషారత్నాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. మూడు వానాకాలాలు తన మగ్గం గుంటలోంచి నీళ్ళు తోడుకుంటూ, స్నేహితురాలి పేరు మీది మన్ను కదలకూడదని నోరు కట్టుకున్న మనిషి ఆవిడ.